కోయని బెల్టు

ఆస్ట్రేలియాలో, పోర్ట్ పిరీ ఊళ్ళో మా వీధివాళ్ళెవరూ ఇంజన్ బెల్టులు మార్చడానికి కారు షెడ్డుకి తీసుకెళ్ళరు. శనివారం పొద్దున్న ఇంటిముందే బానెట్ ఎత్తి, రేడియోలో ఫుట్‌బాల్ కబుర్లు పెట్టుకుని, ఎవరి కారు వాళ్ళే చూసుకుంటారు. ఒక్క మర్యాద మాత్రం తప్పరు. పాత బెల్టుని ఇంజన్ మీద ఉండగానే కత్తితో కోసి చెత్తడబ్బాలో పడేస్తారు. కోయకుండా నేల మీద పెట్టారో, అది మెల్లగా కదిలి, ఆ కారు ఎక్కువగా తిరిగిన దారి ఎలా ఉంటుందో అలా పడుకుంటుంది. సగం వెళ్ళిన దారి, సగం వచ్చిన దారి. ఒకరి దారి ఇంకొకరికెందుకు చెప్పండి? మా వీధిలో చాలా కాపురాలు నిలబడ్డది ఆ కత్తి పుణ్యమే.

ఆ శనివారం గ్లెనిస్ తన చెల్లెలు రేలీన్ కారు బానెట్ ఎత్తింది. స్టార్ట్ చేస్తే చాలు, బెల్టులు కీచుమంటూ వీధినంతా లేపుతున్నాయి.

"రేపు అమ్మ దగ్గరికి వెళ్ళాలి కదే. ఆ కొండల్లో తెగితే నడిరోడ్డు మీద నిలబడతావ్."

"నీ ఇష్టం అక్కా. మామూలుగా కోసి పారెయ్, అంతే," అని రేలీన్ బజారుకి పోయింది.

వాళ్ళమ్మ మావిస్, కొండల అవతల క్లేర్ అనే ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఉంటుంది. ఆశ్రమం మాట ముందు ఎత్తింది గ్లెనిసే. అందుకని చేర్పించిన రోజే ఆ ముసలావిడ, "నీ మొహం నాకు చూపించకు" అనేసింది. గ్లెనిస్‌కీ తల్లి పౌరుషమే వచ్చింది. పిలిస్తేగానీ వెళ్ళనంది. ఆదివారం ఆదివారం రేలీనే వెళ్ళొస్తుంది. అమ్మకిష్టమని గ్లెనిస్ నిమ్మకాయ కేకు చేసి పంపుతుంది. సాయంత్రం గుమ్మంలోనే పట్టుకుని అడుగుతుంది.

"నన్ను అడిగిందా?"

"లేదక్కా. కేకు తింది. నీ పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది."

ఆ పూట గ్లెనిస్‌కి తిండి సయించదు. అమ్మ పోయేలోపు ఒక్కసారి, ఒక్కసారి రమ్మంటే చాలనుకుని మళ్ళీ వారం కేకు చేస్తుంది.

బ్యాటరీ తీగ విప్పి, పానాతో బోల్టులు వదులు చేసింది. స్టీరింగ్ బెల్టుని అలవాటు ప్రకారం కోసి పారేసింది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బెల్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అమ్మని దింపి వచ్చాక ఆ దారి మొహం చూడలేదు. మలుపులన్నా చూద్దాం అనిపించింది పిచ్చిదానికి. సొంత చెల్లెలి దగ్గర దాపరికమేముంటుంది? కోయకుండా తీసి సిమెంటు నేల మీద పెట్టింది.

కంచె అవతలి నుంచి పొరుగింటి కోలిన్ చూశాడు. "ఏంటి గ్లెనిస్, కత్తి మొద్దుబారిందా? నాది ఇవ్వనా?"

"నీ పని నువ్వు చూసుకోవయ్యా. మా అమ్మ దగ్గరికి వెళ్ళే దారి ఇది. చూస్తే తప్పేంటి?"

క్లేర్‌కి వెళ్ళాలంటే దక్షిణంగా పోయి కొండలెక్కాలి. బెల్టు ఉత్తరానికి కదిలింది. ఒక్క వంపు లేకుండా తిన్నగా సాగి, సముద్రం వైపు తిరిగి ఆగింది. పోర్ట్ జెర్మీన్ రేవు దారి అది. ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? కోలిన్ వెళ్ళి రేడియో గట్టిగా పెట్టుకున్నాడు.

రేలీన్ వచ్చేసరికి గ్లెనిస్ ఆ సిమెంటు మీదే కూలబడి ఉంది.

"కోయలేదా?" అంది రేలీన్.

"అమ్మ రేవులో కాపురం పెట్టిందటే? నాకు చెప్పవేం?"

రేలీన్ సంచీ కింద పెట్టింది. "మొదట్లో వెళ్ళానక్కా. కూర్చున్నంతసేపూ గ్లెనిస్ ఏది, గ్లెనిస్ ఎప్పుడొస్తుంది, అదే పాట. అన్నేళ్ళు దగ్గరుండి చాకిరీ చేసింది నేను. నన్ను మాత్రం కాఫీ తెచ్చే మనిషిని చూసినట్టు చూసింది. ఒళ్ళు మండిపోయింది. ఇంక వెళ్ళలేదు."

"కేకులు?"

"రేవు మీద పక్షులకి."

"మొహం తిప్పుకుంటోందని చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందే?"

"అడుగుతోందని చెబితే పరుగెత్తేదానివి. మీరిద్దరూ ఒకటైపోయేవారు. నేనేమైపోవాలి?"

గ్లెనిస్‌కి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపుతోనే కొత్త బెల్టులు ఎక్కించింది, కడ్డీతో ఆల్టర్నేటర్‌ని ఎడంగా లాగి బిగించింది, బొటనవేలితో నొక్కి చూసుకుంది. తాళాలకోసం చెయ్యి చాపింది. రేలీన్ ఇచ్చింది. కారు చప్పుడు చేయకుండా క్లేర్ దారి పట్టింది.

ఆశ్రమంలో మావిస్ కిటికీ దగ్గర కోటు తొడుక్కుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. గ్లెనిస్ అందులో కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నేనే. వచ్చేశాను."

మావిస్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. పరాయివాళ్ళని చూసి నవ్వినట్టు నవ్వింది.

"ఏమనుకోకండమ్మా, అందులో కూర్చోకండి. మా పెద్దమ్మాయికోసం ఉంచాను. నేనే నోరు జారి ఓ మాట అనేశాను దాన్ని. కోపం తగ్గితే వచ్చేస్తుంది."

"అలాగేనండీ," అని గ్లెనిస్ లేచి, ఆ కుర్చీ పక్కన నిలబడింది.