ఎవరి ముడి వాళ్ళది

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరక్క అంటారు. సొంత తమ్ముడు మాత్రం ఉత్త అక్క అంటాడు, అదీ కోపం లేనప్పుడే. ఆయన బస్సు డ్రైవరు. ఇద్దరికీ తలలు నెరిసినా ఆదివారం వస్తే చాలు, గాలాలు భుజాన వేసుకుని రేవు గోడ మీదికి చేరేవాళ్ళు. చేపలు పడ్డాయా లేదా అన్నది వేరే సంగతి. ఒకరినొకరు దెప్పుకోకపోతే ఇద్దరికీ వారం గడిచేది కాదు.

వాళ్ళకో కట్టుబాటుంది. చిన్నప్పుడు ఓ పెద్ద చేప దారం తెంపుకుని పోతే, ముడి నువ్వు వేశావంటే నువ్వు వేశావని ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. తండ్రి ఇద్దరి చెవులూ మెలేసి, ఇకమీదట ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలి, ఇంకొకరి ముడి మీద చెయ్యి పడకూడదని తీర్పు చెప్పాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తీర్పు మాత్రం అలాగే ఉంది.

అలాంటి తమ్ముడికి మొన్న వానాకాలంలో పక్షవాతం తగిలింది. అదృష్టం కొద్దీ మాట దక్కింది, నడక దక్కింది. కుడిచేతి వేళ్ళకు మాత్రం పట్టు పోయింది. స్టీరింగు వదులుకోవాల్సి వచ్చిందని ఆయన ఏడవలేదు. గాలం కర్రను అటకెక్కించిన రోజున మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నీ ముడి కూడా నేనే వేస్తాలేరా" అంది అక్క.

"నీ ముడికి పడ్డ చేప నాదెలా అవుతుందక్కా" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తనివ్వలేదు. ఆమె కూడా రేవు గోడ వైపు వెళ్ళడం మానేసింది. తమ్ముడు అలా మంచానికి అంటుకుపోతాడేమోనన్న బెంగ ఆమెను నిలవనిచ్చేది కాదు.

ఇక్కడ ముడి సంగతి కాస్త చెప్పుకోవాలి. రీలు మీద చుట్టి ఉండే దారాన్ని బ్రెయిడ్ అంటారు, సన్నని పోగులు అల్లి చేసినది. ఎంత బరువైనా లాగుతుంది గానీ రాయి తగిలిందా, పీచులు లేచిపోతుంది. అందుకని గాలం వైపు కొంత మేర బిరుసైన నైలాన్ దారం కడతారు, దాన్ని లీడర్ అంటారు. సన్నగా జారిపోయేదానికీ, లావుగా బిగుసుకునేదానికీ పొత్తు కుదర్చడం పెళ్ళి సంబంధం కుదర్చడం కన్నా కష్టం. తమ్ముడు వేసేది జడముడి. బ్రెయిడ్‌ను పళ్ళతో బిగబట్టి, లీడర్ చుట్టూ అటొకటి ఇటొకటి అల్లుకుంటూ పోవాలి. కర్ర రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారిపోయేంత సన్నగా వస్తుంది. కాకపోతే దానికి రెండు చేతులూ నోరూ కూడా కావాలి.

ఓ మధ్యాహ్నం అక్క కొట్టు తలుపు ఓరగా వేసి, తన కుడిచేతి వేళ్ళను గుడ్డపేలికతో బిగించి కట్టుకుంది. తమ్ముడి చెయ్యి ఏ ముడి వేయగలదో తన చేతికి తెలియాలి కదా. జడముడి మొదటి అల్లికలోనే విడిపోయింది. మడత ముడి అని ఇంకోటుంది, లీడర్‌ను మడిచి ఆ మడత చుట్టూ బ్రెయిడ్ చుట్టేది. మడతను నొక్కిపట్టే వేళ్ళు లేక అదీ చేతులెత్తేసింది. ఇక మిగిలింది జంటముడి. ఒక్కో దారంతో రెండోదాని చుట్టూ ఉచ్చు వేసి, అందులోంచి చుట్లు తిప్పి, ఉమ్మితో తడిపి, రెండు ఉచ్చులనూ దగ్గరికి లాగాలి. అప్పటిదాకా దారాలు కదలకుండా ఎవరు పట్టుకుంటారు? ఆమె చూపు కుట్టుమిషను మీద పడింది. గుడ్డను అదిమిపెట్టే ఫుట్టు కిందికి దారాలను దూర్చి దించింది. ఎడమచెయ్యి మెల్లగా చుట్టుకుంటూ పోయింది. ముడి లావుగా, వంకరగా వచ్చింది గానీ లాగితే కదల్లేదు. ఆమె మిషను మీదే తల ఆనించి కాసేపు ఏడ్చింది.

సాయంత్రం తమ్ముణ్ణి కొట్టుకు లాక్కొచ్చింది.

"జంటముడా? రింగుల్లో టకటకా కొట్టుకుంటుందక్కా."

"లీడర్ పొట్టిగా పెట్టుకో. ముడి కర్ర బయటే వేలాడుతుంది."

"పొట్టి లీడరయితే బ్రెయిడ్ రాళ్ళకి ఒరుసుకుంటుంది."

"మంచమ్మీద పడుకుంటే దేనికీ ఒరుసుకోదు."

ఆయన ఏదో అనబోయి ఆమె వేళ్ళ వైపు చూశాడు. కట్టు కట్టినచోట ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "ఏమైంది?" అన్నాడు. "కత్తెర ఒరుపు" అంది. ఆయన మిషను మీది గుడ్డపేలికను పక్కకు తోసి, స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చున్నాడు.

చెమటలు కక్కుకుంటూ ముడి వేశాడు. రెండు వైపులా చుట్లు సమానంగా వేశాడు.

"బ్రెయిడ్ జారుడు దారంరా. దానికి ఇంకాస్త ఎక్కువ చుట్టు."

"మా బస్సులో ఎవరికైనా ఒకటే టికెట్టు."

"నేను చెప్పేది విను."

"నా ముడి నాదక్కా" అన్నాడు. ఆ మాట విని చాలా రోజులైంది. కొసలు కత్తిరించుకోమని అక్క కత్తెర అందించింది.

ఆదివారం పొద్దున తమ్ముడు లోపల చెప్పులు వెతుక్కుంటుంటే కర్ర అరుగు మీద ఆనించి ఉంది. అక్క చేతిలో కత్తెర ఉంది. ఆ ముడి కోసి, పద్ధతిగా ఇంకోటి వేయడం ఆమెకెంతసేపు? వాడికి తెలియను కూడా తెలియదు. ఇన్నాళ్ళకు బయటికొస్తున్నాడు, చేప జారిపోతే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆమె కత్తెర తెరిచింది. ముడి వంకరగా, వాడి మొండితనంలాగే కనబడింది. దీన్ని దొంగచాటుగా కోసేస్తే ఇక వాడికంటూ ఏం మిగులుతుంది? గోడ మీద దారాలు అదిమిపట్టడానికి సర్దిన బట్టల క్లిప్పుల పక్కనే కత్తెరను సంచిలో పడేసింది.

రేవు గోడ మీద ఎండెక్కే వేళకు తమ్ముడి కర్ర వంగింది. కుడి మోచెయ్యి కింద కర్రను ఇరికించి, ఎడమచేత్తో రీలు తిప్పుతుంటే ఆయన మెడ నరాలు పొంగాయి. నీళ్ళలో వెండిలా ఏదో మెరిసింది. అంతలో కర్ర నిటారుగా లేచి నిలబడింది, దారం గాలిలో తేలింది.

తమ్ముడు దారం కొసను పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. తెగిన దారం కొస పీచుగా ఉంటుంది. ఇది మెలికలు తిరిగి ఉంది. అంటే ముడి జారిందన్నమాట.

"ఎవరేసిన ముడక్కా ఇది?"

"నువ్వేరా" అంది.

"నేనే" అన్నాడు. మొహం విప్పారింది. "నేనే వేశాను, నేనే పోగొట్టుకున్నాను" అని భుజాలు కదిలేలా నవ్వాడు. వానాకాలం తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. "ఆ బట్టల క్లిప్పులు ఇలా ఇవ్వు. ఈసారి బ్రెయిడ్‌కి రెండు టికెట్లు."

ఆమె క్లిప్పులిచ్చింది. ఆయన వాటితో దారాలను చేపల బకెట్ అంచుకు బిగించి, ఎడమచేత్తో చుట్టడం మొదలుపెట్టాడు. చూస్తే చెయ్యి ఊరుకోదు గనక ఆమె నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.

"అక్కా" అన్నాడు వెనకనుంచి, చుట్లు ఆపకుండానే. "ఇంకోసారి వేళ్ళు అంత బిగించి కట్టుకోకు. రక్తం ఆగిపోతుంది."

టైలరక్క వేళ్ళను కొంగు చాటుకు లాక్కుంది.