మా కోడలు తుంచిన తలలు

మందస దగ్గర మా ఊళ్లో పొగాకు వేసేవాళ్లు నలుగురైదుగురున్నా, ఆకు కొనడానికి తీరం నుంచి వచ్చే ఆడవాళ్లు జెకర్యా ఇల్లెక్కడ అనే అడుగుతారు, అంటే నా ఇల్లే. గొప్పలు కాదు, కావాలంటే నీలమ్మనడగండి. సముద్రంలో చేపల వేటకెళ్లే ఇంటి మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఆకు కాస్త పచ్చిగా కోసినా ఆమె నాలుక ఇట్టే పట్టేస్తుంది. నేను బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి చుట్ట ముట్టలేదు గనక, నా పంటకు మార్కులు వేసేది ఆమే. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా వంక పెట్టలేదు.

ఈ ఏడు ఆ పేరు పోయేలా కనబడింది. నా రెండు కళ్లకూ శుక్లాలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే జెకర్యా పనైపోయిందంటారు. ఆ మాట బతికుండగా వినలేను.

కొడుకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళతాడు. పొలంలో నాకు తోడు కోడలు శిరీష. నౌపడ ఉప్పుమడుల్లో పెరిగిన పిల్ల. పెళ్లయిన కొత్తలో పొగాకు నారు చూసి, క్యాబేజీయా అని అడిగింది. నాలుగేళ్లయినా ఆ సంగతి గుర్తుచేయడం నేను మానలేదు.

జనవరిలో మొగ్గ కనబడగానే శిరీష తలలు తుంచింది. తల తుంచితేనే మొక్క సత్తువ పువ్వుకు పోకుండా ఆకుకు దిగుతుంది. నేనెప్పుడూ మొక్కకు పన్నెండు ఆకులుంచుతాను. సాయంత్రం ఒక మొక్క తడిమితే పదే తగిలాయి.

"ఏటిది పిల్లా? రెండాకులు నేలపాలు సేసినావు" అని ఇంతెత్తున లేచాను.

"వానల్లేక మొక్కలు బక్కగున్నాయి మావయ్యా. పన్నెండు మొయ్యలేవు" అంది, చేతుల జిగురు ఇసకతో రుద్దుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆ క్యాబేజీ మాటే ఎత్తిపొడిచాను.

ఫిబ్రవరి ఆఖర్న, నాలుగైదు రోజుల్లో వాన ఉందన్నారు. వాన పడితే ఆకు జిగురు కడుక్కుపోతుంది, ఘాటు పోతుంది. పక్క పొలాలవాళ్లు కోతలు మొదలెట్టారు.

"మనమూ రేపు కోసెద్దుం. ఆకు ముదిరింది, పసుపు సుక్కలు పడ్డాయి, సూడు" అని ఒక ఆకు చూపించాను.

శిరీష ఆ ఆకును నీడలోకి వంచింది. పసుపు మాయమైంది. నేను చుక్కలనుకున్నది కొబ్బరి మట్టల సందుల్లోంచి పడిన ఎండ. క్యాబేజీ మాటకు ఇప్పుడు బదులు తీర్చుకుంటుందనుకున్నాను.

ఆమె నా మొహం చూసి, "అలాగే మావయ్యా, రేపే కోద్దుం" అంది.

మర్నాడు కొడవలి కనబడలేదు. ఆ మర్నాడు కూలీలు రాలేదు, పిలిస్తే కదా వచ్చేది. మూడోనాడు ఆదివారం, ఆరాధన. ఇదంతా ఈమె పనేనని తెలుసు. నోరెత్తితే కళ్ల సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. సోమవారం తెల్లారగానే ఒక ఆకు తెచ్చి నా చేతిలో పెట్టింది. మడిస్తే టప్పున విరిగింది, ముదిరిన ఆకుకు గుర్తు అదే.

"కొయ్యి" అన్నాను.

చివరి మోపు పందిరి కిందికి చేరిన గంటకు వాన దిగింది.

ఏప్రిల్‌లో నీలమ్మ వచ్చింది. ఆరిన ఆకు వాసన చూసి, చుట్ట చుట్టి, వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుంది. ఆ మహాతల్లి చుట్ట సగందాకా కాల్చేసింది. నాకు కాలు ఒకచోట నిలవలేదు.

"పదేళ్లనుంచి ఇలాటి ఆకు నేదు జెకర్యా బావా. వయసెల్లినా నీ సెయ్యి పోనేదు."

"ఎప్పుడు కొయ్యాలో మావయ్యే సెప్పినాడమ్మా" అంది శిరీష వెంటనే.

ఊరివాళ్లు ముగ్గురు పక్కనే ఉన్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, నా పేరు నాకు దక్కేది.

"అబద్దం నీలమ్మా. నాకు కళ్లు ఆనట్నేదు. నాను సెప్పినప్పుడు కోసుంటే ఇది గడ్డయిపోయేది. తలలు తుంచినదీ, కోత రోజు సూసినదీ మా కోడలు."

శిరీష తల దించుకుంది. నీలమ్మ చుట్ట తీసి, ఆమెను ఎగాదిగా చూసింది.

"అయితే గుంటా, వచ్చే యేడు కోతెప్పుడో నాకు నువ్వే కబురెట్టు."

నా పొలం గురించి నన్ను దాటి ఇంకొకరిని అడగడం నలభై ఏళ్లలో ఇదే మొదలు. గర్వంతో నా ఛాతీ ఉబ్బిపోయింది. దాచుకోలేదు.

"కబురెడతాదిలే" అన్నాను. "ముందు నన్ను కంటి డాక్టరు కాడికి తీసుకెళ్లనీ. వచ్చే యేడు దాని ఆకు నాను కళ్లారా సూడాల."