ఎవరి తరఫున

బడి అభివృద్ధి ప్రణాళిక కమిటీలో వెర్నా పేరు చేర్చిన రోజున ప్రిన్సిపాల్ గ్యానన్ ఆమెకి చెప్పింది ఒక్కటే. "వచ్చి సంతకం పెట్టి పో, తల్లీ. డోనట్లు కూడా ఉంటాయి."

కెంటకీ కొండల్లోని ఎల్క్‌హాలోలో వెర్నా కోళ్ళమేత కొట్టులో పనిచేస్తుంది. కూతురు టెస్సీకి పద్నాలుగేళ్ళు. బుద్ధి ఎదుగుదల బాగా తక్కువ, నోట మాట రాదు. బొమ్మల పలక మీద ఒక్కో బొమ్మా నొక్కి చెబుతుంది. ఎంతసేపు పట్టినా చెప్పే తీరుతుంది, ఆ మొండితనం తల్లిదే. అలాంటి పిల్లలు ఎనిమిది మంది తొమ్మిదో నంబరు గదిలో ఉంటారు. వాళ్ళ తల్లుల్లో ఒకరు కమిటీలో ఉండాలని రూలు. ఆ రూలు కోసం కూర్చోబెట్టిన ఉత్సవ విగ్రహం వెర్నా.

మొదటి మీటింగులో లెక్కల మార్కుల గురించి కాస్త, పార్కింగు గురించి చాలా మాట్లాడారు. నలభై పేజీల ప్రణాళిక అప్పటికే రాసేసి ఉంది. తొమ్మిదో గది ఊసు అందులో ఎక్కడా లేదు. వెర్నా చెయ్యెత్తి అడిగింది.

"ఇది బడి మొత్తానికి సంబంధించింది, తల్లీ. మీ వాళ్ళ సంగతి విడిగా చూద్దాంలే," అంది గ్యానన్.

"విడిగా అంటే ఎప్పుడు?"

"డోనట్ తీసుకో."

వెర్నా డోనట్ తీసుకుంది. ఈవిడ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించకపోతే తన పేరు వెర్నా కాదనుకుంది.

ఆ బళ్ళో ఒక పద్ధతుంది. మీటింగుకి వచ్చినవాళ్ళు హాజరు కాగితం మీద పేరు, సంతకం, ఎవరి తరఫున వచ్చారో రాయాలి. అందరినీ సంప్రదించామనడానికి అదే రుజువు. గుమాస్తా దాన్ని ప్రణాళిక వెనక తగిలించి పై ఆఫీసుకి పంపుతుంది. సంతకాలున్నాయో లేదో చూస్తారే తప్ప ఒక్కరూ చదివిన పాపాన పోరు. 'ఎవరి తరఫున' గడిలో అందరూ 'టీచరు' అనో 'తండ్రి' అనో గీకేసి పోతారు. వెర్నా ఆ రోజు చీమంత అక్షరాలతో రాసింది: "తొమ్మిదో గది పిల్లల తరఫున. వాళ్ళ మాటే రాలేదు. అడిగితే డోనట్ తీసుకోమన్నారు."

రెండో నెల: "ఈసారీ రాలేదు. పార్కింగు మాత్రం మళ్ళీ వచ్చింది." మూడో నెల: "ఆ పిల్లల్నే అడగొచ్చు కదా అన్నాను. వాళ్ళకేం తెలుస్తుంది అన్నారు ప్రిన్సిపాల్." నాలుగో నెలా వదల్లేదు. రాసిన ప్రతిసారీ ఒక డోనట్ తీసుకుని, గ్యానన్‌ని చూసి నవ్వి మరీ వచ్చేది. ఆ నెలల్లో ఆమె నిద్ర హాయిగా పోయింది.

నాలుగు నెలల కాగితాలూ తగిలించి పంపిన రెండు వారాలకే ప్రణాళిక వెనక్కి వచ్చింది. పై ఆఫీసులో చేరిన కొత్తమ్మాయెవరో హాజరు కాగితాలు అక్షరం వదలకుండా చదివేసింది. ఆ పిల్లల్ని స్వయంగా అడిగి, మళ్ళీ రాసి పంపమన్నారు. గ్యానన్ ముఖం కందగడ్డయింది.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా, వెర్నా?"

"చెప్పాను మేడమ్. నాలుగుసార్లు. నా రాత కిందే మీ సంతకాలు కూడా ఉన్నాయి, చూసుకోండి."

తొమ్మిదో గదికి గ్యానన్‌ని వెర్నాయే వెంటబెట్టుకు వెళ్ళింది. ముందుగా టెస్సీని అడగాలి. జవాబొచ్చేదాకా గడియారం చూడకూడదు, మాట అందించకూడదు. ఇవీ ఆమె షరతులు. ఆ మహాతల్లి పిల్లల కుర్చీలో కాళ్ళు ముడుచుకు కూర్చుని చెమటలు కక్కుతుంటే చూడాలని ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది.

"బళ్ళో ఏం మారాలి, టెస్సీ?" అని అడిగింది గ్యానన్.

టెస్సీ పలక వైపు చూసింది. చూస్తూనే ఉంది. గ్యానన్ కాలు ఊపింది, గొంతు సవరించుకుంది, మోకాళ్ళు నొక్కుకుంది. వెర్నాకి ఒక్కో నిమిషం పంచదార పలుకులా ఉంది. తొమ్మిదో నిమిషానికి టెస్సీ వేలు లేచింది. అమ్మ బొమ్మ నొక్కింది, ఆపైన తలుపు బొమ్మ.

"అమ్మ తలుపు తియ్యాలా, బంగారం?" అంది వెర్నా, తన షరతు తనే మరిచి.

టెస్సీ మళ్ళీ నొక్కింది. అమ్మ. తలుపు. వెళ్ళు.

వెర్నాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కూతుర్ని అడగండని ఇన్నాళ్ళు పోరింది తను. తీరా అడిగిన రోజున ముందు బయటికి పొమ్మన్నది తననే. ఉడుక్కుంటూ వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. గ్యానన్ మీద కంటే టెస్సీ మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఈ వేడుక కళ్ళారా చూడనివ్వకపోయిందే అని. అరగంటైంది. గంటైంది.

తలుపు సందులోంచి గ్యానన్ తల బయటికొచ్చింది. జుట్టు రేగి ఉంది, ముక్కు ఎర్రబడి ఉంది.

"మీరు ఇంటికెళ్ళండి, వెర్నా. టెస్సీకి నా గురించి చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయట."