పద్నాలుగో వరుస

నేను ఒక ఫైర్‌వాల్ స్క్రిప్టుని. ఇరవై రెండు వరుసల ఆజ్ఞల పట్టీని. ఏజెన్సీ కొండల్లోని ఓ చిన్న ఆసుపత్రిలో, స్కానింగ్ గది పక్కన ఉన్న కంప్యూటరులో నా కాపురం. కంప్యూటరు లేవగానే నన్ను పైనుంచి కిందికి చదువుతుంది. నాలుగో వరుసలో ఇంటర్నెట్ తలుపులన్నీ మూసేస్తాను. తర్వాత కావలసిన వాళ్లకు మాత్రం ఒక్కొక్కటిగా తెరుస్తాను. మధ్యలో తప్పు దొర్లితే ముందుకు కదలను. అలాగే పెంచారు నన్ను.

పెంచినవాడు ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే సుదర్శనం. విశాఖలోని నరాల డాక్టరు కంప్యూటరు చిరునామాను నాలో అంకెల్లో రాసి, బదిలీ మీద వెళ్లిపోయాడు. అతని కుర్చీలోకి త్రినాథ్ వచ్చాడు. ఆ అంకెలు తన తర్వాత వచ్చేవాళ్లకు అర్థం కావని, పద్నాలుగో వరుసలో వాటిని చెరిపేసి పేరు రాశాడు. ఆ ఒక్క వరుసనే నడిపి చూశాడు. పనిచేసింది. మంచి ఉద్దేశంతో చేసిన పనిని మనుషులు రెండోసారి తనిఖీ చేయరు.

పేరును అంకెలుగా మార్చాలంటే బయట ఉన్న చిరునామాల సర్వరును అడగాలి. దానికి దారి తెరిచేది పదిహేడో వరుస. అప్పటికే నడుస్తున్న కంప్యూటరులో ఆ దారి తెరిచే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. కంప్యూటరు ఆగి లేస్తే మాత్రం నేను పద్నాలుగు దగ్గరే చిక్కుకుపోతాను. కానీ నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదన్నది ఆ ఆసుపత్రి ఆచారం. పదకొండు నెలలు నన్నెవరూ ఆపలేదు.

తుఫాను ఆపింది.

కరెంటు పోయింది, సెల్ టవరు పడిపోయింది, ఘాట్‌రోడ్డు మీద చెట్లు విరిగిపడ్డాయి. తెగిన తీగలు కలపడానికి స్తంభమెక్కిన లైన్‌మన్ అప్పలస్వామి, పని ముగించి దిగి, ఉదయం పది గంటల పది నిమిషాలకు కుప్పకూలాడు. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. అతను తెచ్చిన కరెంటుతోనే మా కంప్యూటరు లేచింది. నేను పద్నాలుగో వరుస దగ్గర ఆగిపోయాను.

అది ఎవరికీ తెలియలేదు. అప్పలస్వామిని మా ఆసుపత్రికి మోసుకొచ్చాక, పన్నెండున్నరకు అతని మెదడు స్కానింగ్ చిత్రాలు విశాఖకు పంపబోతే తెలిసింది.

డాక్టర్ నళిని పరుగున వచ్చింది. "త్రినాథ్, పక్షవాతం కేసు. పడిపోయిన నాలుగున్నర గంటల్లో, అంటే రెండూ నలభై లోపు, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలి. ఆ తర్వాత ఇస్తే మెదడులో రక్తం చిమ్ముతుంది. బొమ్మలు చూడందే విశాఖ సారు ఇవ్వమనరు. ల్యాండ్‌లైన్ పక్కనే కూర్చుని ఉన్నారాయన."

"పది నిమిషాలు మేడమ్."

తీగలు పీకి పెట్టాడు. కంప్యూటరును మూడుసార్లు ఆపి లేపాడు. ఒక్కోసారి ఆరు నిమిషాలు. పాత గోడ కూలిస్తే దారి దొరుకుతుందనుకుని, నేను కంప్యూటరుకు ఇచ్చిన రూల్సన్నీ చెరిపేశాడు. తలుపులు ఇంకా బిగుసుకున్నాయి, ఎందుకంటే మూసి ఉంచమన్న నాలుగో వరుస ఆజ్ఞ రూల్సుతో పాటు చెరిగిపోదు. ఒంటిగంటన్నర దాటింది. ల్యాండ్‌లైన్ నుంచి సుదర్శనానికి ఫోన్ చేస్తే మోగీ మోగీ ఆగింది.

చెక్క గోడకు అవతల మంచం పక్కన అప్పలస్వామి భార్య పైడమ్మ మాట్లాడుతూనే ఉంది. "కరెంటు స్తంబాలెక్కినోడివి, మంచం దిగలేవేటి? నెగు మావా. నన్ను తిట్టయినా తిట్టు."

అప్పలస్వామి నోటినుంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "బాబూ, ఆ పెట్టికేటయినాది?"

"చూస్తున్నానమ్మా."

"బేగి సూడు బాబూ. ఆడు సెయ్యి కదపట్లేదు."

రెండూ పదికి త్రినాథ్‌కు బుద్ధి వచ్చింది. ప్రతి వరుసా తెర మీద చూపిస్తూ నడవమన్నాడు నన్ను. నడిచాను. పదమూడు. పద్నాలుగు. ఆగాను. 'ఈ పేరు దొరకలేదు' అన్నాను. పొద్దున్నుంచీ అదే మాట, తప్పులు నమోదయ్యే లాగ్ ఫైలులో అంటూనే ఉన్నాను. ఎవరూ తెరవలేదు.

ఆ పేరు రాసింది తనే. పదిహేడో వరుసను తెచ్చి పద్నాలుగుకు పైన పెట్టాడు. ఇక నన్ను ఒక్కసారి నడిపితే చాలు, రెండు సెకన్ల పని. కానీ భయపడిన మనిషి అలవాటునే పట్టుకుంటాడు. కంప్యూటరును మళ్లీ ఆపి లేపాడు. ఆరు నిమిషాలు!

తలుపు తెరుచుకుంది. చిత్రాలు సన్నటి లైనులో ఒక్కొక్కటే పాకుతూ వెళ్లాయి. చివరిది చేరేసరికి రెండూ నలభై ఐదు.

డాక్టర్ నళిని ఫోన్ చెవికి ఆనించి ఎంతోసేపు విన్నది. "సర్, ఐదు నిమిషాలే కదా..." అంది. మళ్లీ విన్నది. ఫోన్ పెట్టేసి, ట్రేలో ఉన్న ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో పెట్టేసింది.

సాయంత్రం పైడమ్మ గ్లాసుతో టీ తెచ్చింది. "మద్దేనం నుంచీ ఏటీ తాగనేదు, తాగు బాబూ. నువ్వయితే శానా కట్టపడ్డావు."

త్రినాథ్ గ్లాసు అందుకోలేదు. "అమ్మా, దాన్ని పాడుచేసింది నేనే. అంకెలున్న చోట పేరు రాశాను."

పైడమ్మ అతని వంక, నా వంక చూసింది. "పేరు రాత్తే తప్పేటి బాబూ?"

అతను వివరించబోయాడు. గోడకవతల అప్పలస్వామి ఏదో శబ్దం చేశాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి పరుగెత్తింది.

అది జరిగి రెండేళ్లు. అప్పలస్వామి ఇప్పుడు ఎడమ చేత్తో తింటాడట, భార్యను తిట్టే మాటలు ఇంకా రాలేదట. త్రినాథ్ ప్రతి నెలా మొదటి సోమవారం, ఎవరు వద్దన్నా వినకుండా, కంప్యూటరును కావాలనే ఆపి లేపుతాడు. రెండు సెకన్లలో ఇరవై రెండు వరుసలూ ముగిస్తాను. అతను మాత్రం కూర్చునే ఉంటాడు, తెర మీద వచ్చినదాన్ని వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి చదువుతూ.