నా కిడ్నీ ఎట్లున్నది?

పొద్దున పాలు పొంగే వేళకు ఫోన్ మోగిందంటే అది చెన్నూరు నుంచే. ఎత్తగానే శంకరవ్వ అడిగే మాట ఒక్కటే.

"నా కిడ్నీ ఎట్లున్నది పిల్లా?"

తమ్ముడు ఎట్లున్నడని కాదు, నువ్వు తిన్నవా అని కాదు. నా కిడ్నీ! వనజకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు మాటవరసకన్నారు గానీ, వనజకు ఆ మాట నిజంగానే తగులుకున్నది. మొగుడి కడుపులో ఆడబిడ్డ ముక్క పెట్టుకుని కాపురం చేస్తున్న ఇల్లాలు శ్రీరాంపూర్ మొత్తంలో తనొక్కతే.

మొగుడు కరుణాకర్ టైలర్. అతని రెండు కిడ్నీలూ పాడైతే, నాది పెట్టండి అని ముందు చెయ్యెత్తింది వనజే. షుగరుందని డాక్టర్లు ఆమెను పరీక్షల దగ్గరే పక్కకు పెట్టారు. అప్పుడు చెన్నూరు నుంచి శంకరవ్వ వచ్చి, "తీస్కోన్రి, నాకు రెండున్నయి" అని కొంగు నడుముకు చెక్కి నిలబడ్డది. ఇక కాలనీ అంతా శంకరవ్వ భజనే. "అక్కంటే గట్లుండాలె" అని ఎదురింటామె వనజ మొఖం మీదే అన్నది. వనజ ఇస్తానన్న సంగతి ఎవరికీ యాదికి లేదు. ఇచ్చినదానికే పేరు, ఇయ్యబోయినదానికి ఏముంటుంది?

హైదరాబాద్‌లో కొత్త కిడ్నీ పెట్టినప్పుడే దాని మీద ఒక పొర కూడా అతికించారు. "ఉల్లిపొర లెక్క పల్చగుంటదమ్మా," అన్నాడు డాక్టర్. "కిడ్నీ వేడెక్కినా, నెత్తురు సరిగ పారకున్నా పసిగడ్తది. కొన్ని నెలలు పనిచేసి ఒంట్లనే కరిగిపోతది. తియ్యనీకి మల్ల కోసే పని లేదు." రోజూ పొద్దున అరచేతంత బిళ్ళను కడుపు మీద ఆనించాలి. దాని మీద ఆకుపచ్చ లైటు వస్తే మంచిదే. ఎర్రది వస్తే మాత్రం ఆ క్షణమే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి.

బిళ్ళ పట్టే పని వనజది. ఇయ్యలేకపోయినా చూసుకునేది తానే కదా అని, ఆ కాసేపు ఆమె మనసు చల్లగా ఉండేది. పొర ఎప్పుడు కరిగిపోతుందా అని కూడా ఎదురుచూసేది. ఆ లైటే లేకుంటే పొద్దున్నే ఫోన్ చేసి ఏమడుగుతుంది ఆ మహాతల్లి?

బతుకమ్మ పండుగకు మహాతల్లి స్వయంగా దిగింది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ. చీర పెట్టాలి, సద్దుల అన్నాలు కలపాలి, ఎదురు మాట్లాడొద్దు. వచ్చిన తెల్లారే వనజ చేతిలోని బిళ్ళను లాక్కున్నది.

"ఇటియ్యి. నాది నాకు తెల్వదా?"

లైటు ఆకుపచ్చగా వెలిగింది. "సూసినవా తమ్మీ, పత్తిచేన్ల పనిజేసిన పానం. గట్టిది," అని శంకరవ్వ మురిసిపోయింది. కరుణాకర్ అక్కను చూసి నవ్వాడు. జబ్బు పడ్డాక వనజ వైపు చూసి అతను అట్లా నవ్వింది లేదు. వంటింట్లో చింతపండు పిసుకుతూ వనజ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఏడిస్తే తగ్గే మంటా అది!

సద్దుల బతుకమ్మ నాడు శంకరవ్వ తెల్లారకముందే తంగేడు పువ్వు కోసం పోయింది. బిళ్ళ మళ్ళీ వనజ చేతికొచ్చింది. నిద్రలో ఉన్న మొగుడి కడుపు మీద మెల్లగా ఆనించింది.

ఎర్ర లైటు.

వనజకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. 'గట్టిదంటివి గదా, గిదేనా నీ గట్టిది?' అని లోపల ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది. మరుక్షణం తానేమనుకున్నదో తెలిసి సిగ్గుపడ్డది. బిళ్ళను తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్రదే. ఫోన్ తీసింది, పట్టుకుని నిలబడ్డది. సంగతి బయటపడితే శంకరవ్వ గుండెలు బాదుకుంటుంది, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కారెక్కుతుంది, తాను సంచులు మోస్తూ వెనక నడవాలి. అయినా పొర కరిగిపోయే రోజులు దగ్గరపడ్డాయి కదా, అందుకే లైటు తప్పు చూపిస్తున్నదేమో. మధ్యాహ్నం ఇంకోసారి చూద్దాం. అట్లా మనసుకు సర్దిచెప్పుకుని బిళ్ళను బియ్యం డబ్బా వెనక పెట్టింది.

శంకరవ్వ పువ్వుల మూటతో వచ్చింది. "ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

శంకరవ్వ మూట దించి పీట మీద కూర్చోబోయింది. సగంలో ఎడమ పక్క పట్టుకుని ఆగిపోయింది. పండ్లు బిగబట్టి, గోడ ఆసరాతో మెల్లగా దిగింది. ఆమెను అట్లా చూడటం వనజకు అదే మొదలు.

"ఏమైంది వదినె?"

శంకరవ్వ వింతగా చూసింది. "అడిగినవా? ఇన్ని దినాలకు అడిగింది నువ్వొక్కదానివే." తంగేడు కొమ్మ తుంచుతూ చెప్పింది. "కోసిన జాగ గుంజుతది పిల్లా. మా ఇంటాయన పత్తి ఏరవోదాం పా అంటడు గని, నీ పానం ఎట్లున్నదే అని అడుగడు. తమ్మునికి పొర పెట్టిన్రు, బిళ్ళ ఇచ్చిన్రు. నాకెవ్వలు పెట్టిన్రు? నా కిడ్నీ ఎట్లున్నదని రోజు నీకు ఫోన్ కొడ్త. నువ్వెట్లున్నవు వదినె అంటవేమోనని సూస్త. నువ్వేమో మంచిగున్నదని ఠక్కున పెట్టేస్తవ్." కొంగుతో ముక్కు తుడుచుకున్నది. "నిన్ను జూస్తె నాకు కుళ్ళే. ఇచ్చింది నేను. పొద్దుగాల లేసి వాని మీద చెయ్యివెట్టేది నువ్వు."

వనజ ఆమె ముందు కూలబడ్డది.

"వదినె, ఎర్రగొచ్చింది. పొద్దుగాలనే వచ్చింది. నేనే చెప్పలే."

శంకరవ్వ చెయ్యి లేచింది. వనజ మొఖం తిప్పుకోలేదు. లేచిన చెయ్యి కిందికి దిగి తంగేడు కొమ్మను పక్కకు తోసింది.

"ముందుగాల ఫోన్ కొట్టు," అన్నది శంకరవ్వ.

సగం పేర్చిన బతుకమ్మను అట్లనే వదిలి ముగ్గురూ కారెక్కారు. ఆస్పత్రిలో చూస్తే, కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేస్తున్నదట. ఎర్ర లైటు చూడగానే ఎందుకు చెప్పలేదని డాక్టర్ కసిరాడు. శంకరవ్వ వనజ వైపు ఒక్కసారి చూసింది గానీ నోరు విప్పలేదు, ఆనాడూ ఆ తర్వాతా. గట్టి మందులు ఎక్కించి ఎట్లాగో కిడ్నీని నిలబెట్టారు. గండం గడిచిందని చెప్పి వెళ్ళిపోతున్న డాక్టర్‌కు వనజ అడ్డం నిలబడి, "మా వదినెను గూడ జర సూడున్రి సారూ," అన్నది.

దీపావళి దాటాక పొర పూర్తిగా కరిగిపోయింది. బిళ్ళ ఎంతసేపు ఆనించినా ఏ లైటూ రాలేదు. మర్నాడు పాలు పొయ్యి మీదుండగానే ఫోన్ మోగింది.

"నా కిడ్నీ ఎట్లున్నది పిల్లా?"

వనజ కడుపులో పాత మంట చురుక్కుమన్నది. అది అంత తొందరగా ఎక్కడికి పోతుంది!

"ఏది వదినె?" అన్నది. "గిక్కడిదా, నీ కాడ మిగిలిందా?"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఆ వెనకే శంకరవ్వ తన నొప్పి సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పోతున్నా, వనజ ఫోన్ పెట్టలేదు.