చౌడు మిద్దెను కూల్చినవాళ్లకు

మట్టిమిద్దె అంటే బీదరికమని కాగితం మీద రాసిన మీరే ఓబులమ్మ పట్టుపురుగులను చంపారు. ఆ తప్పును ఎండ మీదకు నెట్టకండి. ఎండ నిన్న పుట్టింది కాదు.

నేను ఒక దిమ్మిసను. మడకశిర పక్క పల్లెలో తుమ్మమొద్దు నుంచి నన్ను చెక్కారు. కింద వెడల్పు పలక, పైన పొడుగాటి పిడి. మట్టిని కొట్టి గట్టిపరచడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. నన్ను పట్టిన రంగప్పకూ రాదు.

మిద్దె సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతాను. రాతిగోడ, వేపదూలాలు, వాటి మీద కట్టెలు, వెంపలి కంప, అడుగు మందం మట్టి, ఆ పైన చౌడు, అంటే నీరు ఇంకనివ్వని ఉప్పుమట్టి. ఏటా మృగశిర కార్తెకు ముందు కొత్త చౌడు పరిచి, నీళ్లు చల్లి, నాతో కొడతారు. అది బిగుసుకుందంటే వాన లోపలికి రాదు, ఎండా రాదు. సిమెంటు అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు. ఇల్లు పడగొట్టినా అదే రాయి, అదే మట్టి మళ్లీ ఇంకో ఇల్లవుతుంది.

ఓబులమ్మ ఆ మిద్దె కింద పట్టుపురుగులు పెంచి బతికేది. వేడి తగిలితే పురుగు మేత ముట్టదు. బయట రాళ్లు పగిలే ఎండలోనూ లోపల తట్టల్లో వేల పురుగులు మల్బరీ ఆకు నములుతుంటే సన్నటి వాన చప్పుడు వచ్చేది. రంగప్ప పైన నాతో కొడుతుంటే ఆమె కింద నుంచి కేక వేసేది.

"మెల్లగా కొట్టు మామా. నా బిడ్డలు ఉలిక్కిపడతాండారు."

"నీ బిడ్డలకు నాకన్నా సుఖముండాదిలేమ్మే. నన్నూ ఒక తట్టలో ఎయ్యి."

ఒక ఏడు వెనక గోడ వానకు ఉబ్బింది. సాయం అడిగితే ఇళ్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. లోపల గంటసేపు కూర్చుని, "ఎంత చల్లగా ఉందమ్మా" అని, రెండు చెంబుల నీళ్లు తాగి, 'కచ్చా ఇల్లు, కూల్చదగినది' అని రాసి వెళ్లాడు. చదువుకున్న మనిషి చర్మానికీ చేతికీ మాటలుండవని ఆ రోజు తెలిసింది.

స్లాబు వేస్తేనే మంజూరు. మిద్దె బాగుచేసుకోవడానికి ఆ కాగితంలో గడే లేదు. రంగప్పే దూలాలు దించాడు. ఫోటో తీయాలన్న తొందరలో కొత్త స్లాబు కింది చెక్కలను గడువుకు ముందే విప్పించారు. దానికి సరిగా నీళ్లు కూడా పట్టలేదు.

మొదటి వేసవిలోనే పురుగులు మేత మాని మెత్తబడ్డాయి. తడిగోనెలు కట్టింది, ఫ్యాను పెట్టింది. ఆ ఫ్యాను వేడిగాలినే తిప్పింది. సగం పంట పోయాక ఓబులమ్మ రంగప్ప దగ్గరకు పరుగెత్తింది.

"దానిమింద చౌడు ఎయ్యి మామా."

"స్లాబు మింద ఎవరన్నా ఏస్తారామ్మే?"

"ఎయ్యకుంటే మిగిలిండేవీ సస్తాయి."

వేశాడు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ నన్నెత్తి కొట్టాడు. దూలం దెబ్బను మింగుతుంది. గుల్లబారిన ఆ స్లాబు మింగలేకపోయింది. అది చిట్లిన చప్పుడు నాకు వినబడింది, చెవులు మందగించిన రంగప్పకు వినబడలేదు. రెండో రోజు తొలివానకు నీళ్లు సరిగ్గా తట్టల మీద కారాయి.

తడిసి చచ్చిన పురుగులను గుంటలో పోసేటప్పుడు ఓబులమ్మ ఏడవలేదు. "నీ తప్పు గాదులే మామా. నేనే కదా ఎయ్యమంటి" అంది. మరుసటి వారం బట్టల ఫ్యాక్టరీ బస్సెక్కింది. రంగప్ప నన్ను పాత మిద్దె మట్టికుప్ప మీద పారేశాడు. మళ్లీ ఏ మిద్దే ఎక్కలేదు.

చెదలు నా పిడి దాకా వచ్చాయి. మీరు వింటారన్న ఆశ నాకు లేదు. ఊళ్లో ఇంకా పదకొండు మిద్దెలున్నాయి. వాటి గోడల మీదా కూల్చమనే మీ ఎర్ర అంకెలు పడ్డాయి. అయినా అడుగుతాను. ఆ అంకెలు చెరపండి. మీ కాగితంలో మట్టిమిద్దెకు గడి పెట్టండి. స్లాబుకిచ్చే చేత్తోనే మిద్దె మరమ్మతుకూ ఇవ్వండి. ఓబులమ్మ ఇంటి మట్టి ఇక్కడే కుప్పగా ఉంది. రంగప్ప చేతులు ఇంకా వణకడం లేదు. వచ్చే మృగశిరలోగా ఆమె మిద్దె ఆమెకు కట్టించండి.