సగం చెప్పిన సముద్రం

చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి వరప్రసాదరావు రెండోసారి ఇస్త్రీపెట్టె లాగుతున్నాడు. వీధి తలుపు గొళ్ళెం ఎవరో చాలాసేపటినించి ఆడిస్తున్నారు. ఆయనకి ఎడమ చెవి సరిగా వినబడదు. దీవెనమ్మ వచ్చి భుజం తట్టాకగాని తల ఎత్తలేదు.

"మీ మరదలొచ్చింది. కంగారుగా ఉంది" అంది భార్య.

తమ్ముడి భార్య రోజలిన్ గడప దాటి లోపలికి రాలేదు. తల దువ్వుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉంది. గవరపాలెం నించి నడిచే వచ్చినట్టుంది.

"స్టాన్లీ ఎల్లనంటన్నాడు బావగారూ. సాయంత్రం బండికి టిక్కెట్టు, పెట్టె కూడా సర్దేసేం. రాత్రి అన్నం ముట్టలేదు. గోడకేసి తిరిగి పడుకుని, నాకొద్దు నేవీ అంటన్నాడు."

"ఎందుకొద్దంట?"

"బయవంట. ఓడలో బతకలేనంట." ఆమె ఆయన మొహంలోకి చూసింది. "మీరోసారొచ్చి నాలుగు మాటలు సెప్పండి. మీ మాటైతే ఇంటాడు."

"డ్యూటీకి ఎల్లాలి కదమ్మా. దిగేక వత్తాను." ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కాసేపాగి అన్నాడు. "బలవంతం మాత్రం సెయ్యకండి. సముద్రం అందరికీ పడదు."

ఆమె తిరిగి వెళ్ళిపోయింది. వెచ్చటి చొక్కా తొడుక్కుని కింద నించి పైకి ఒక్కో బొత్తామే పెట్టుకుంటున్నాడు. వంటగది గుమ్మంలో దీవెనమ్మ గరిటె పట్టుకుని తనకేసి వింతగా చూస్తోంది.

"ఏటండీ, ఈలేత్తన్నారు?"

అప్పుడు తెలిసింది ఆయనకి, తను ఈల వేస్తున్నానని.

పరవాడ కంపెనీ బస్సులో ఎడమవైపు కిటికీ సీటు ఆయనది. అక్కడైతే పక్కవాళ్ళ మాటలు కుడి చెవికి వినబడతాయి. ఆరోజు ఎవరేం మాట్లాడారో ఆయనకి పట్టలేదు. ఛాతీలో ఏదో తియ్యగా కరుగుతోంది. అదేమిటో తెలుసు. తెలిసే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, దాన్ని కరగనిచ్చాడు.

పొడుగు మనిషి. ఎముకల మీద చర్మం బిగించి కట్టినట్టు ఉంటాడు. యాభై దాటినా వెన్ను వంగలేదు. నేల ఎప్పుడు ఒరుగుతుందో అన్నట్టు ఇప్పటికీ కాళ్ళు ఎడంగా వేసి నడుస్తాడు. చేతిలో ఏమీ లేకపోయినా ఎడమ ముంజేయి కాస్త ముందుకి మడిచే ఉంటుంది.

పందొమ్మిదో ఏట నేవీలో చేరాడు. ఫిరంగుల దగ్గర కాదు, చుక్కాని దగ్గరా కాదు. స్టూవర్డు. ఓడలో ఆఫీసర్లు భోంచేసే గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరవడం, ప్లేట్లు పెట్టడం, తియ్యడం, గోడ పక్కన నిలబడటం. పదిహేనేళ్ళు అదే పని. చెవి పాడైందని ఇంటికి పంపేశారు. ఊళ్ళో మాత్రం "ఇల్లొదిలి ఉండలేక వచ్చేసేను" అని చెప్పాడు. పనికిరాడని పంపేశారనుకోవడం కంటే అది మేలనిపించింది. అయినా బెల్లం మార్కెట్లో, చర్చిలో, టీ కొట్టు దగ్గర ఆయన నేవీ ప్రసాదరావే. నేవీలో ఏం పని చేశావని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇప్పుడు మందుల కంపెనీ క్యాంటీన్లో సూపర్‌వైజరు. నేవీ అన్న ఆ పేరొక్కటే మిగిలింది.

రెండువేల తొమ్మిది వేసవిలో ఆ పేరుకి కూడా ముప్పొచ్చింది. తమ్ముడు స్టీవెన్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టరు. వాడి ఒక్కగానొక్క కొడుకు స్టాన్లీ ఇంటర్ అయ్యాక బెంగుళూరులో ఇంటర్వ్యూ నెగ్గి, మెడికల్ నెగ్గి, కేరళలో కొత్తగా కట్టిన నేవీ అకాడమీకి ఎంపికయ్యాడు. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆఫీసరు. అంటే ఆ తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. వెనకాల గోడ పక్కన ఎవడో ఒక ప్రసాదరావు నిలబడి ఉంటాడు.

చర్చిలో పెట్టిన కృతజ్ఞత కూడికలో పాస్టరు స్టాన్లీని ముందుకి పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన ఆ సంఘానికి వచ్చి ఏడాదే అయింది. "మన సంఘం నుంచి నేవీకి వెళ్తున్న మొదటి బిడ్డ" అన్నాడు. వరప్రసాదరావు రెండో వరసలోనే ఉన్నాడు. ఎవరైనా దిద్దుతారేమోనని చూశాడు. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. పక్కన దీవెనమ్మ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది.

"ఓడ సంగతులన్నీ నువ్వే నేర్పాలన్నియ్యా" అని ఆ వారమే స్టీవెన్ కొడుకుని తీసుకొచ్చి అప్పగించాడు. ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక వాడు వచ్చేవాడు. సన్నటి మెడ, పెద్ద చెవులు, ఏది చెప్పినా నోరు కొంచెం తెరిచి వినే మొహం. ఫోర్కు ఎడంచేత్తో పట్టడం నేర్పాడు. నేర్పుతూ, ఓడ ఊగితే ప్లేట్లోనే కక్కుకున్న కుర్ర ఆఫీసర్ల సంగతి చెప్పాడు. టై ముడి వెయ్యడం నేర్పాడు. నేర్పుతూ, కుళాయి విప్పుకుని ఆ చప్పుడులో ఏడ్చినవాళ్ళ సంగతి చెప్పాడు. వానాకాలపు అరేబియా సముద్రం, ఇంజను వేడి, ఒకడి మీద ఒకడి మంచాలు, తల్లి పోయిన సంగతి అన్నీ ముగిశాక తెలిసిన వంటవాడు. అబద్ధం ఒక్కటీ లేదు. వాడి చేతిలో ఫోర్కు ఆగిపోయేది. ఆ ఆగిపోవడం కోసం ఆయన ఆదివారం దాకా ఎదురుచూసేవాడు.

ఆ ఉదయం క్యాంటీన్లో మొదటి షిఫ్టుకి ఉప్మా దించారు. స్టీలు కంచాలు వరసగా పేర్చి, ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసి, తడి ఉన్నవి పక్కకి తీశాడు. తలుపులమ్మ గిన్నెలు తోముతూ పలకరించింది. అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి.

"మీ తమ్ముడుగారబ్బాయి ఆఫీసరంట కదా నేవీ బాబూ. ఇయాలే బండంట."

"ఎల్లడేమో."

"అయ్యో. ఎందుకెల్లడు? ఎల్తే మీ ఇంట్లో ఇద్దరు నేవీ బాబులు. అప్పుడు మిమ్మల్నేటని పిలవాలో." నవ్వింది ఆమె.

ఆయన నవ్వలేదు. కానీ ఆ రోజంతా పని తేలిగ్గా సాగింది. భోజనాల వేళ సాంబారు బకెట్టు తనే పట్టుకుని బల్లల మధ్య తిరిగాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా తమ్ముడింటికి నడిచాడు. ఓదార్చడానికి వెళ్తున్నాననుకున్నాడు. ముందుగదిలో కొత్త నల్లపెట్టె గోడకి ఆనించి ఉంది. స్టీవెన్ కుర్చీలో చేతులు వేలాడేసుకుని కూర్చున్నాడు. రోజలిన్ వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"పోనీలే అన్నియ్యా" అన్నాడు స్టీవెన్. "ఏడిసి ఏటి లాభం. అంత గట్టోడివి, నువ్వే ఉండలేక వచ్చేసేవు. ఆడెంత."

పెదనాన్న గొంతు విని స్టాన్లీ గదిలోంచి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వచ్చి ఆయన పక్కనే, తాకేంత దగ్గరగా నిలబడ్డాడు.

"పెదనాన్నకైతే తెలుస్తాది" అన్నాడు. "ఆయనా నాలాగే కదా." అని ఆయనకేసి చూసి నవ్వాడు.

పిరికివాడు తోటి పిరికివాణ్ణి గుర్తుపట్టి నవ్విన నవ్వు అది. ఉదయం నించి ఛాతీలో తియ్యగా ఉన్నది కాస్తా చేదెక్కింది.

"నేనుండలేక రాలేదు" అన్నాడు వరప్రసాదరావు.

ఎవరికీ అర్థం కాలేదు.

"సెవి పోయిందని పంపేసేరు. ఉంచమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఉంచలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకన్నియ్యా" అన్నాడు స్టీవెన్.

"నువ్వాగు." ఆయన పిల్లవాడి వైపు తిరిగాడు. "నేను టీలిచ్చేవోణ్ణిరా. ఓ తెల్లారగట్ల ట్రే పట్టుకుని పైకెక్కేను. నిచ్చెన మెట్లు. గాలికి ఓడ ఒరుగుతోంది. పైన, ఓడ నడిపే సోట, ఆఫీసరొకడు నిలబడున్నాడు. నా యీడోడే. మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆడు కిందున్నోళ్ళకి ఇనబడే గొట్టంలోకి ఒక్క మాటన్నాడు. స్టార్‌బోర్డ్ టెన్. కుడికి పది డిగ్రీలు తిప్పమని. అరవలేదు కూడా. అంత ఓడా తిరిగింది. కింద వందలమంది పడుకున్నోళ్ళు పడుకున్నట్టే తిరిగేరు. ఇటేపున్న పొద్దు అటేపొచ్చింది. నా సేతిలో కప్పులో టీ కూడా తిరిగింది."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఆడు నాకేసి సూడకుండా కప్పు తీసుకున్నాడు. ఆ తరవాత నా వంతు కాని రోజు కూడా ఇంకోడితో మార్చుకుని ఎక్కేవోణ్ణి. ఆ మాట ఇందామని. ఆ మాట అనే సోట నిలబడమని నిన్ను పిలుత్తన్నారు. కక్కుకుంటావు. ఏడుత్తావు. అందరూ ఏడిసేరు. ఏడిసి, మొహం కడుక్కుని ఎల్లి అక్కడ నిలబడ్డారు." గొంతు తగ్గించాడు. "తిరిగొచ్చేటప్పుడు భూమి కనపడక ముందే దాని వాసనొస్తాది. తడిమట్టి వాసన. ఆ వాసనకి ఎంతోడైనా పైకొచ్చేసి నిలబడతాడు. అప్పుడు ఆఫీసరూ లేడు, వంటోడూ లేడు."

స్టాన్లీ నోరు కొంచెం తెరిచే ఉంది.

"మరి ఇన్నాళ్ళూ ఇది సెప్పలేదేటి పెదనాన్నా?"

వరప్రసాదరావు చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు.

"నువ్వడగలేదు."

వంటగది గుమ్మంలోంచి రోజలిన్ ఆయన్నే చూస్తోంది. ఆ చూపు ఆయన తట్టుకోలేకపోయాడు. కొడుకుని బెదరగొట్టింది ఎవరో ఆమెకి తెలిసిపోయింది.

"అమ్మా, ఆకలేత్తంది" అన్నాడు స్టాన్లీ.

ఆమె లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

స్టేషన్లో చెన్నై బండి కాస్త ఆలస్యంగా వచ్చింది. స్టీవెన్ అకాడమీ గేటు దాకా దింపి వస్తానని కొడుకుతో ఎక్కాడు. దీవెనమ్మ కిటికీలోంచి పిల్లవాడి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ప్రార్థనలో "వీళ్ళ పెదనాన్నకి తోడున్నట్టే వీడికీ తోడుండు ప్రభువా" అంది. వరప్రసాదరావు ఆమెన్ అనడం మర్చిపోయాడు.

కుళ్ళు ఎక్కడికీ పోలేదు. పెట్టె మీదున్న పేరు చూసినా, వాడి కొత్త బూట్లు చూసినా లోపల కెలుకుతూనే ఉంది. దానికి తోడు ఇంకో దిగులు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్నది ఆ ఒక్క తెల్లవారుజామే. దాన్ని కూడా వీడికే ఇచ్చేశాడు. ఇకమీద అది వీడిది. వీడు రోజూ చూస్తాడు, చూసి మర్చిపోతాడు.

బండి కదలబోతుంటే స్టాన్లీ తలుపు దగ్గరికి వచ్చాడు.

"పెదనాన్నా, స్టార్‌బోర్డంటే కుడి. మరి ఎడమైతే?"

"పోర్టు" అన్నాడు. తర్వాత ఇంకేదో అనాలనుకున్నాడు. రైలుపెట్టెలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాయి. తలుపులో తెల్లచొక్కా చిన్నదై, మలుపు దగ్గర కనపడకుండా పోయింది.

రోజలిన్ కళ్ళు ఒత్తుకుని, బావగారితో ఒక్క మాటా అనకుండా, ఆయన ముందునించే నడిచి వంతెన మెట్లెక్కింది. దీవెనమ్మ ఆమె వెనకే వెళ్ళింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. వరప్రసాదరావు బెంచీ మీద కూర్చుని, కాళ్ళు వెనక్కి జరుపుకోబోతే మడమకి ఏదో తగిలింది. వంగి చూశాడు.

బండెక్కేముందు స్టాన్లీ బూట్లు తొడుక్కున్నప్పుడు విడిచినవి, అందరూ చేతిలోకి తీసుకోవడం మరిచినవి: బెంచీ కింద రెండు నీలంరంగు రబ్బరు చెప్పులు, ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా, తిన్నగా ఉన్నదాని మీద అయిదు వేళ్ళ గుంటలూ లోతుగా, ఇంకా మట్టి ఆరకుండా.